రంగులేయడానికే పిలుస్తారా మమ్మల్ని?

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద, ఊరి ప్లానింగ్‌లో ఆర్టిస్టులకి పనేంటి అని. పోయిన నెల చెరువుగట్టు మొక్కల గురించి రాస్తూ మధ్యలో ఒక మాట అనేశాను, "మన దగ్గర ఆర్టిస్టుని పిలిచేది అంతా కట్టేసి గోడ మిగిలాకే" అని. ఇక చూస్కోండి, మెయిల్స్, వాట్సాప్‌లు, ఒకాయనైతే పోస్ట్‌కార్డ్ కూడా. బాల్కనీలో మల్లె పూయట్లేదు, నిమ్మచెట్టు ఆకులు ముడుచుకుంటున్నాయి అని రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీవే.

ప్రశ్న: అక్కా, నేను బీఎఫ్ఏ చేసిన, హన్మకొండల ఉంట. ఫ్లైఓవర్ పిల్లర్లకు బొమ్మలెయ్యమని పిలిచిన్రు. స్క్వేర్ ఫీట్‌కు ఇంత అని రేటు, ఏ బొమ్మ ఎయ్యాల్నో లిస్టు గూడ వాళ్లే ఇచ్చిన్రు, నెమలి, బతుకమ్మ, కాకతీయ తోరణం. మీటింగ్ల నేనడిగిన, పొద్దుగాల ఈ పిల్లర్ల కింద కూరగాయలమ్మేటోళ్లు కూసుంటరు కదా, పని అయినంక వాళ్లు యాడికి పోవాలె అని. "అది ప్లానింగ్ వాళ్లు చూస్కుంటరు, నువ్వు రంగుల సంగతి చూడు" అన్నరు. అసలు ఆర్టిస్టుకు ప్లానింగ్ల పనేముంటదక్కా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగింది ప్లానింగ్ ప్రశ్నే, అక్కడ ఉన్నవాళ్ళలో ఇంకెవరికీ తట్టలేదు అంతే. నీకెందుకు తట్టిందంటే బొమ్మ వేసేవాడు ముందు గంటసేపు ఊరికే కూర్చుని చూస్తాడు కాబట్టి, ఎవరెక్కడ కూర్చుంటున్నారు, ఎండ ఎటు తిరుగుతోంది, ఎవరు ఎవర్ని తప్పించుకుని పోతున్నారు అని. ఇంజినీరు సైట్‌కొస్తే టేపు తీసి కొలుస్తాడు, మా ల్యాండ్‌స్కేప్ వాళ్ళమైతే నాలుగు ఫోటోలు తీసుకుని కారెక్కేస్తాం (నేనూ ఆ బాపతే, పక్కవాళ్ళ మీద పెట్టట్లేదు).

స్కాట్లండ్‌లో గ్లెన్‌రోథెస్ అని ఒక టౌన్ ఉంది. 1948లో కొత్తగా కట్టాలని తలపెట్టిన ఊరు, పక్కనే పెద్ద బొగ్గుగని వస్తుందని కడితే ఆ గని కాస్తా 1962లో మూతబడింది, ఊరు మాత్రం పెరుగుతూనే పోయింది. 1968లో ఆ టౌన్ కట్టే కార్పొరేషన్ వాళ్ళు డేవిడ్ హార్డింగ్ అనే శిల్పిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. పోస్టు పేరు 'టౌన్ ఆర్టిస్ట్', సీటు ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో, నెలజీతం. పదేళ్ళు చేశాడు, 1978 దాకా, కాపురం కూడా ఆ ఊళ్ళోనే. ప్లానర్ పక్క టేబుల్ మీద ఆర్టిస్టు కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించు. అండర్‌పాస్ డ్రాయింగ్ ఇంకా పెన్సిల్‌లో ఉండగానే అతని కంట్లో పడుతుంది. గోడ ఎలాగూ కాంక్రీటుతోనే పోస్తారు, సెంట్రింగ్ పలక లోపలివైపు అచ్చు బిగిస్తే గోడతో పాటే బొమ్మ దిగుతుంది, ఐదేళ్ళకి పెచ్చులూడే పెయింట్ గొడవ లేదు. హార్డింగ్ పని చాలామటుకు ఇలా కట్టుబడివాళ్ళు వాడే కాంక్రీటుతోనే. అతని దగ్గర అసిస్టెంట్‌గా చేసిన స్టాన్ బోనార్ కాంక్రీటు హిప్పోలు చేసి ఇళ్ళ మధ్య వదిలాడు, గుంపులు గుంపులుగా, పిల్లలు ఎక్కి జారి జారి వాటి వీపులు నున్నగా అయిపోయాయి, ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది అవే.

ఇంకోటి చెప్తా. అమెరికాలో సెయింట్ పాల్ అనే సిటీలో మార్కస్ యంగ్ అని ఒక ఆర్టిస్టుని పబ్లిక్ వర్క్స్ వాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. ఆయన కనిపెట్టింది ఏంటంటే సిటీవాళ్ళు ఏటా పగిలిన ఫుట్‌పాత్ పలకలు తీసేసి కొత్త కాంక్రీటు ఎలాగూ పోస్తున్నారు. సరే, అది ఆరేలోపు దాని మీద ఒక కవిత ముద్ర వేస్తే పోలా? 2008లో మొదలైంది, ఊళ్ళోవాళ్ళే కవితలు రాసి పంపుతారు, ఎంపికైనవి రబ్బరు స్టాంపు కొట్టినట్టు తడి కాంక్రీటులో కొడతారు. తవ్వకం ఖర్చు, సిమెంటు ఖర్చు, కూలి అన్నీ ఎప్పుడూ ఉండే మెయింటెనెన్స్ బడ్జెట్‌లోవే. తర్వాత తర్వాత సోమాలీ, మంగ్ భాషల్లో కూడా తీసుకున్నారు, అక్కడ ఉండేవాళ్ళ భాషలు మరి.

ఇది చదివి మన దగ్గర ఎవరో ఒకరు వేమన పద్యాలు ఫుట్‌పాత్ మీద వేసేద్దాం అంటారని నాకు భయం. కాలికి కాయితం తగిలితే తీసి కళ్ళకద్దుకునే జనం మనం, అక్షరం మీద నడవమంటే నడుస్తామా? పక్కకి దిగి రోడ్డు మీద నడుస్తాం. బస్టాప్ బెంచీ వీపు మీద వెయ్యి, చెయ్యి ఆనించే రెయిలింగ్ మీద వెయ్యి, బాగుంటుంది. ఈ సంగతి చెప్పగలిగే మనిషి ఆ ఊరివాడే అయ్యుండాలి, అందుకే పక్క రాష్ట్రం ఏజెన్సీకి కాంట్రాక్ట్ ఇచ్చేస్తే అయ్యే పని కాదు ఇది.

నీ సంగతికొస్తే, బొమ్మలు వెయ్యి, డబ్బు తీసుకో, సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ డ్రాయింగులతో పాటు ఒక కాయితం కూడా ఇచ్చిరా. తెల్లారి 5 నుంచి 9 దాకా ఏ పిల్లర్ కింద ఎవరు కూర్చుంటారు, పిల్లర్ నంబర్లతో సహా. "పిల్లర్ 14, ఆకుకూరలు, ముగ్గురు, పిల్లర్ 15, చెప్పులు కుట్టే పెద్దాయన" ఇలా. నీ మాట వినకపోయినా నంబరు వేసిన కాయితం ఆఫీసులో ఎవరూ పారేయలేరు, ఫైల్‌లో పెట్టాల్సిందే, రేపు ఆ చోటు ఖాళీ చేయించడానికి ఎవరన్నా వస్తే అది పనికొస్తుంది.

ప్రశ్న: మేడం, నేనో మునిసిపాలిటీలో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్ని). ఆర్టిస్టులంటే గౌరవమే కానీ మా పని డ్రైన్లు, కల్వర్టులు, వాన నీళ్ళు. దీంట్లో వాళ్ళకేం పని? ఒకవేళ పిలిచినా ఎస్టిమేట్‌లో ఏ హెడ్ కింద చూపాలి, ఆడిట్ వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?

జవాబు: ఏఈగారూ, మీ ప్రశ్నకి ప్రపంచంలో అన్నిటికంటే మంచి జవాబు వాన నీళ్ళలోనే ఉంది.

అమెరికాలో సియాటెల్ పక్కన కెంట్ అని ఒక ఊరు, అక్కడ మిల్ క్రీక్ అనే వాగు, వాన పడితే కిందున్న ఊరు మునిగేది. మామూలుగా మనమైతే ఏం చేస్తాం, పైన ఒక డిటెన్షన్ పాండ్ (వాన నీళ్ళు కాసేపు ఆపే గుంట) తవ్వి చుట్టూ చైన్‌లింక్ ఫెన్సింగ్ వేసి "లోపలికి రాకూడదు" అని బోర్డు పెడతాం, ఏడాదిలో పదినెలలు అది ఎండిపోయి తుమ్మమొక్కలూ ప్లాస్టిక్ కవర్లూ. 1979లో అక్కడి కౌంటీ ఆర్ట్స్ కమిషన్ వాళ్ళు పాడైన నేలల్ని శిల్పంలాగా బాగుచేయడం ఎలా అని ఒక ప్రాజెక్టు పెట్టి ఆర్టిస్టుల్ని పిలిచారు, అందులో హెర్బర్ట్ బేయర్‌కి ఈ వాగు పని పడింది. జర్మనీలో బౌహౌస్ అనే పేరున్న డిజైన్ స్కూల్ మనిషి, అప్పటికే పెద్దాయన. ఆయన ఆ నీళ్ళాపే కట్టనే శిల్పం చేసేశాడు. రెండున్నర ఎకరాల్లో గడ్డి కప్పిన మట్టి దిబ్బలు, ఒక గుండ్రటి కట్ట, మధ్యలోంచి వాగు, దాని మీద చిన్న వంతెన. 1982లో అయిపోయింది. మామూలు రోజుల్లో పిల్లలు దిబ్బల మీంచి దొర్లుతుంటారు, పెళ్ళి ఫోటోలు తీసుకుంటారు, గట్టి వాన పడ్డరోజు అదే పార్కు నీళ్ళు పట్టి నిదానంగా వదులుతుంది. హైడ్రాలజీ లెక్కలు ఇంజినీర్లవే, ఒక్క క్యూసెక్కు కూడా ఆయన మార్చలేదు. మార్చింది ఏంటంటే ఆ మట్టి ఏ ఆకారంలో పోస్తారన్నది. మట్టి ఎలాగూ పోయాలి కదండీ, పోసేదేదో మనుషులు వచ్చి కూర్చునేలా పోశాడు.

మనకిది కొత్తా అంటే కొత్తేం కాదు. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువుల్లో తూము, మత్తడి, కట్ట అన్నీ ఇంజినీరింగే, కట్ట మీద మైసమ్మ గుడి, కింద చింతతోపు, రేవులో బండలు కూడా వాటితోపాటే ఉంటాయి. అవి విడి విడి టెండర్లు కావు. మనం విడదీశాం.

నా తప్పు ఒకటి చెప్తా, మీకు పనికొస్తుంది. కొన్నేళ్ళ కింద ఒక చిన్న టౌన్‌లో చెరువుకి బతుకమ్మ ఘాట్ డిజైన్ చేశాను. మెట్టు ఎత్తు 7 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు, ఇంటి మెట్ల కొలత, ఇంటికైతే కోడ్ ప్రకారం కరెక్టే, గ్రానైట్ పాలిష్ కూడా చేయించాను మెరవాలని. సద్దుల బతుకమ్మ రోజు వెళ్ళి చూస్తే రెండు చేతులతో బతుకమ్మ తాంబాళం పట్టుకున్న ఆడవాళ్ళకి కింద కాళ్ళు కనపడవు, తడి బండ జారుతోంది, ఒక్కొక్కరూ అడ్డంగా తిరిగి పీతలాగా పక్కకి పక్కకి దిగుతున్నారు, పెద్దవాళ్ళయితే నా ఘాట్ వదిలేసి అవతల పాత మత్తడి పక్క మట్టి ఏటవాలు నుంచి దిగుతున్నారు. ఘాట్ గోడకి బొమ్మ వేయడానికి వచ్చిన ఆర్టిస్టు ఒకాయన అక్కడే కూర్చుని స్కెచ్ గీసుకుంటున్నాడు, ఆ పుస్తకం చూపించాడు. పోయినేడు వేరే ఊరి చెరువు దగ్గర గీసినవి, అందులో కూడా ఆడవాళ్ళందరూ అడ్డంగానే ఉన్నారు! "ఇది మీకు ముందే తెలుసా" అంటే "ఎప్పుడూ ఇట్లనే దిగుతరు మేడం, మీరడగలే" అన్నాడు. అడ్డంగా దిగే పాదానికి కావాల్సింది పాదం పొడవున్న వెడల్పు కాదు, రెండు పాదాలు నిలబడే వెడల్పు, ఎత్తేమో 5 అంగుళాలు దాటకూడదు. ఆయన్ని డిజైన్ టైంలో ఒక్కరోజు కూర్చోబెట్టుకుని వెయ్యి రూపాయలిచ్చి టీ తాగించి ఉంటే సరిపోయేది.

ఇక హెడ్ సంగతి. బయట దేశాల్లో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నారు, ప్రభుత్వం కట్టే పని ఖర్చులో ఒక శాతం కళకి అని. అమెరికాలో ఫిలడెల్ఫియా 1959లో మొదలుపెట్టింది, సియాటెల్ 1973లో చేసింది. సియాటెల్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఆ డబ్బుతో బొమ్మ కొనడం బదులు ఆర్టిస్టుల్ని డిజైన్ టీమ్‌లోనే కూర్చోబెట్టారు, మొదట చేసింది ఎక్కడనుకున్నారు, కరెంట్ సబ్‌స్టేషన్‌లో! దాంట్లో గిన్నెలూ మూకుళ్ళూ లాంటి పాత సామాన్లతో చేసిన గాలి చక్రాలు పెట్టారు. మన మునిసిపాలిటీల్లో అలాంటి శాతం రూల్ ఉన్నట్టు నాకు తెలీదు కాబట్టి మీ చేతిలో ఉన్నది చేయండి, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి రిపోర్టు) తయారు చేసే కన్సల్టెంట్ టర్మ్స్‌లో ట్రాఫిక్ ఎక్స్‌పర్ట్, సాయిల్ ఎక్స్‌పర్ట్ అని రాస్తారు చూడండి, ఆ వరసలో స్థానిక కళాకారుడు అని ఒక లైన్, ఇన్ని రోజులు, ఇంత ఫీజు అని కలపండి. కన్సల్టెన్సీ ఫీజులో పోతుంది. సివిల్ వర్క్ అయ్యాక 'బ్యూటిఫికేషన్' కింద పెట్టారో, మళ్ళీ నెమలే.

ప్రశ్న: మాది గోదావరిఖని. ఓపెన్‌కాస్ట్ ఓబీ గుట్టలు (బొగ్గు మీదికెల్లి తీసి పోసిన మట్టి గుట్టలు) మా ఇండ్లకాడికొస్తున్నయ్. వీటి మీద ఏదన్న కళ, పార్కు అంటే మాకు నవ్వొస్తది మేడం. మీరేమంటరు?

జవాబు: నవ్వు రావాల్సిందే. అయినా ఒక కథ చెప్తా, మీరే తేల్చండి.

స్కాట్లండ్‌లోనే వెస్ట్ లోథియన్ అనే చోట ఒకప్పుడు రాతిలోంచి నూనె తీసేవాళ్ళు, కాల్చేసిన ఎర్ర రాతి పిప్పి గుట్టలు గుట్టలుగా మిగిలింది, వాటిని అక్కడ 'బింగ్'లు అంటారు. ఇంగ్లండ్‌లో ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ అని 1966లో బార్బరా స్టెవెనీ, జాన్ లేథమ్ వాళ్ళు పెట్టారు, ఆర్టిస్టుల్ని ఫ్యాక్టరీల్లో, గవర్నమెంట్ ఆఫీసుల్లో కూర్చోబెట్టాలని. "ఫలానా బొమ్మ చెయ్యి" అని చెప్పకూడదు, కొన్నాళ్ళు చూసి ఏం చేయాలో అతనే చెప్తాడు, అదీ షరతు. అలా 1975-76లో లేథమ్ స్కాటిష్ ఆఫీసులో (స్కాట్లండ్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) చేరితే ఈ గుట్టల ఫైల్ ఆయన ముందుకొచ్చింది. ఎత్తేయాలంటే బోలెడు ఖర్చు. ఆయన విమానంలోంచి తీసిన ఫోటోలు చూసి, ఒక గుంపు గుట్టల్లో పడుకున్న ఆడమనిషి ఆకారం ఉందని, వీటిని కదపకండి, ఇవే స్మారకాలు, పేరు పెట్టండి చాలు అన్నాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు కానీ తర్వాత్తర్వాత అక్కడి కొన్ని బింగ్‌లు నిజంగానే రక్షిత కట్టడాల లిస్టులోకి ఎక్కాయి.

నాకు ఈ కథలో సగం నచ్చుతుంది, సగం నచ్చదు. నచ్చేది, అందరూ చెత్త అనేదాన్ని ఇంకోసారి చూడమన్నాడు, మూడు తరాలు దిగి తవ్విన చరిత్ర అది. నచ్చనిది, పైనుంచి ఫోటోలో చూస్తే ఆడమనిషి, కింద ఉండేవాడికి కంట్లో దుమ్ము. మీ దగ్గర మొదటి ప్రశ్న దుమ్ము, బ్లాస్టింగ్‌కి గోడలు పగలడం, వానాకాలం బురద కిందికి జారడం, అవి తేలకుండా గుట్ట మీద శిల్పం అంటే అది మీ నోరు మూయించడానికే అని నేనూ అనుమానిస్తాను. కాకపోతే గని మూతబడ్డాక నేల ఏమవ్వాలి అన్న కాయితం ఎక్కడో ఒకచోట రాస్తారు కదా, అది రాసేటప్పుడు గనిలో పనిచేసిన మనిషీ, అక్కడ పాట కట్టే మనిషీ ఆ గదిలో ఉండాలని అడగండి. మీ కోల్‌బెల్ట్‌లో పాట కట్టేవాళ్ళకి కరువా?

ప్రశ్న: మా కాలనీ పార్కులో పిల్లలు క్రికెట్ ఆడుకునే చోట ఏదో వంకర ఇనుప బొమ్మ పెట్టారు. అర్థం కాదు, కూర్చోలేం, మీద బట్టలు కూడా ఆరేసుకోలేం. ఆర్టిస్టుల్ని ప్లానింగ్‌లోకి తెస్తే వచ్చేది ఇదేగా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కాకినాడ

జవాబు: అవునండీ, వచ్చే ప్రమాదం ఉంది, లేదని బుకాయించను. దీనికి పెద్ద కేసు న్యూయార్క్‌లో అయింది. రిచర్డ్ సెర్రా అని గొప్ప పేరున్న శిల్పి, 1981లో ఫెడరల్ ఆఫీసుల ముందున్న ప్లాజాకి అడ్డంగా తుప్పు రంగు ఉక్కు గోడ నిలబెట్టాడు, 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, కొంచెం ఒరిగి ఉంటుంది. ఆఫీసువాళ్ళు రోజూ చుట్టూ తిరిగి పోవాలి. గొడవ గొడవ. 1985లో బహిరంగ విచారణ పెడితే 180 మంది మాట్లాడారు, 122 మంది ఉంచాలన్నారు, 58 మంది తీసేయాలన్నారు, అయినా తీసేయాలనే తేల్చారు, కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1989లో ఒక రాత్రి ముక్కలు చేసి పట్టుకుపోయారు. నేను సెర్రా పక్షమా కాదా అని అడగకండి, రోజు మార్చి రోజు మారుతుంటా.

కానీ ఇంకో కేసు కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పీటర్లీ అనే గని కార్మికుల టౌన్‌కి 1955లో విక్టర్ పాస్‌మోర్ అనే పెయింటర్‌ని డిజైన్ సలహాదారుగా పెట్టారు, ఇళ్ళ వరసలు ఎలా తిరగాలో, మధ్యలో ఎంత ఖాళీ వదలాలో కూడా ఆయన ఆర్కిటెక్టులతో కూర్చుని చూశాడు, ఆ పని బానే ఉందన్నారు. చివర్లో చెరువు మీద అపోలో పెవిలియన్ అని ఒక కాంక్రీటు కట్టడం కట్టాడు, మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళిన రోజులు కదా, ఆ పేరు. దాంట్లో గోడలుంటాయి, గది ఉండదు, మెట్లుంటాయి, పైన ఏమీ ఉండదు. సాయంత్రమైతే కుర్రాళ్ళు చేరి రాతలు రాయడం, పక్క ఇళ్ళవాళ్ళు కూల్చేయండి మహాప్రభో అని ఏళ్ళ తరబడి మొర. కూల్చలేదు. 2009లో బాగుచేశారు, 2011లో రక్షిత కట్టడం అయింది, ఇప్పుడు జనం చూడ్డానికి వస్తున్నారు. అంటే నలభై ఏళ్ళు ఆ పక్కింటివాళ్ళు భరించారన్నమాట, వాళ్ళకెవరు కట్టిస్తారు పరిహారం?

మీ పార్కు బొమ్మ ఈ రెండిట్లో ఏదీ కాదు లెండి, అది ఎక్కడో తయారైపోయి లారీలో వచ్చి ఖాళీ కనపడిన చోట దిగింది. పిల్లల పిచ్ ఎక్కడుందో చూడ్డానికి కూడా ఎవరూ రాలేదు. కాలనీ అసోసియేషన్ తరఫున తీసేయండి అని కాకుండా జరపండి అని రాయండి, మూలకి జరపడానికి ఒక క్రేన్, ఒక పూట. తీసేయమంటే ఎవరి పరువో పోతుంది, ఫైల్ కదలదు.

ప్రశ్న: మేడం, నేను విజయవాడలో బీ.ప్లానింగ్ చదువుతున్నా. ఎగ్జాంపుల్స్ అన్నీ ఫారిన్‌వే చెప్తారు. ఇండియాలో నిజంగా ప్లానింగ్‌లోకి ఆర్టిస్టులు వచ్చిన కేస్ ఉందా?

జవాబు: ఉందమ్మా, వందేళ్ళ కిందటిదే ఉంది, మీ సిలబస్‌లో పాట్రిక్ గెడ్డెస్ పేరు ఉండే ఉంటుంది కానీ ఈ కథ ఉందో లేదో.

గెడ్డెస్ స్కాట్లండ్ మనిషి, బయాలజీ ప్రొఫెసర్. 1914లో నగరాల ఎగ్జిబిషన్ సామాను ఓడలో వేసి మద్రాసుకి పంపితే దారిలో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఆ ఓడని ముంచేసింది (మద్రాసు మీద బాంబులేసిన ఎమ్డెన్ అదే). మళ్ళీ సామాను కూడగట్టి ఎగ్జిబిషన్ పెట్టాడు, ఆ తర్వాత మనదేశంలో ఊరూరూ నడిచి తిరిగి రిపోర్టులు రాశాడు. పాత బజార్లని అడ్డంగా కొట్టేసి తిన్నటి రోడ్లు వేసేవాళ్ళంటే ఆయనకి మంట. కూలడానికి సిద్ధంగా ఉన్న ఒకటి రెండు ఇళ్ళు తీసేసి అక్కడ ఒక చెట్టు, ఒక అరుగు పెడితే వీధికి గాలి ఆడుతుంది అనేవాడు.

1917-18 ప్రాంతంలో ఇండోర్‌కి వెళ్ళాడు. ఊరంతా ప్లేగు, జనానికి తెల్లవాళ్ళన్నా, సర్వేవాళ్ళన్నా హడల్, కొలిచారంటే కూలుస్తారని. గెడ్డెస్ అక్కడి రాజుని అడిగింది ఏంటో తెలుసా, ఒక్కరోజు నన్ను మహారాజుని చెయ్యండి అని! రాజు సరేనన్నాడు. దీపావళికి పెద్ద ఊరేగింపు పెడతాను, అది ఏ వీధిలోంచి పోవాలో ఇప్పుడే చెప్పను, ఏ వీధివాళ్ళు ఇళ్ళు బాగుచేసుకుని శుభ్రం చేసుకుంటారో ఆ వీధిలోంచి పోతుంది అని చాటింపు వేయించాడు. ఇక చూడండి, సున్నాలే సున్నాలు, బళ్ళ మీద బళ్ళు చెత్త ఎత్తేశారు. ఊరేగింపులో పాడుబడ్డ ఇళ్ళ నమూనాలు, మురికి రాక్షసుడు, వెనకాల ప్లేగు ఎలుక, పేద్ద బొమ్మ. ఆ తర్వాత కొత్త బట్టలు కట్టుకుని పూలదండలు వేసుకున్న సఫాయి కార్మికులు, వాళ్ళ బళ్ళకి రంగులు. వాళ్ళ వెనక ఇండోర్ అనే నగరదేవత, రాబోయే లైబ్రరీలూ భవనాల నమూనాలు బళ్ళ మీద. తులసి మొక్కలు పంచారు. చివర్లో రాక్షసుడినీ ఎలుకనీ తగలబెట్టారు, టపాసులు.

ఆ బొమ్మలు చేసిన చేతులు ఎవరివంటావ్, ఆ ఊరి కళాకారులవే అయ్యుండాలి. ప్లానర్ వాళ్ళకి ఇచ్చిన పని గోడకి రంగు కాదు, భయపడ్డ ఊరికి ప్లాన్ చూపించడం. ఇప్పుడు స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి వరసగా ముందున్న ఊరు కూడా ఇండోరే, దానికీ దీనికీ ముడి పెట్టను, గుర్తొచ్చింది అంతే.

తిరగేసిన కేసు కావాలంటే చండీగఢ్. లె కార్బ్యూజియె గీసిన సిటీ, గీత గీసినట్టు సెక్టార్లు. ఆ సిటీ కట్టడానికి ఊళ్ళు కూల్చారు, ఆ కూల్చిన సామాను, విరిగిన పింగాణీ, గాజుముక్కలు పోగేసి నేక్ చంద్ అనే పీడబ్ల్యూడీ రోడ్ ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి అడవిలో దొంగచాటుగా బొమ్మలు చేసుకుంటూ పోయాడు. పద్దెనిమిదేళ్ళు ఎవరికీ తెలీదు! ఆఫీసర్లకి దొరికాక కూల్చాల్సింది పోయి 1976లో జనానికి తెరిచారు, ఆయన్ని జీతమిచ్చి అదే పని మీద పెట్టారు. రాక్ గార్డెన్ అదే. ప్లాన్‌లో చోటు లేని మనిషి చేసిందే ఆ సిటీకి అందరూ వెళ్ళి చూసేది. 2025లో హైకోర్టు దగ్గర రోడ్డు కోసం దాని గోడ కొంత కూల్చారు, అదీ తెలుసుకో.

మన తెలుగువాళ్ళ దగ్గర అంటే 2017లో అమరావతి అసెంబ్లీ డిజైన్ టైంలో రాజమౌళిని పిలిచారు గుర్తుందా? డిజైన్ నార్మన్ ఫోస్టర్ కంపెనీది, రాజమౌళి లండన్ కూడా వెళ్ళొచ్చారు, తాను డిజైనర్ని కాదని ఆయనే చెప్పుకున్నారు. మన అరసవల్లిలో సూర్యకిరణాలు లోపలికి వచ్చినట్టు ఎండ వచ్చి తెలుగుతల్లి విగ్రహం మీద పడాలి అనే ఆలోచన ఆయన ఇచ్చారు. చెడ్డ ఆలోచనేం కాదు, నాకు నచ్చింది కూడా. కానీ అప్పటికి సిటీ గీతలన్నీ అయిపోయాయి, అడిగింది ఒక బిల్డింగ్ గురించి. 29 ఊళ్ళ పొలాలు సిటీ అవుతున్నాయి కదా, ఏ గట్టు, ఏ డొంక, ఏ రావిచెట్టు కొత్త ప్లాన్‌లో ఉండాలి అని ఆ ఊళ్ళ హరికథ చెప్పేవాళ్ళనో, బొమ్మలు చేసేవాళ్ళనో పిలిచి కూర్చోబెట్టి ఉంటే మీ థీసిస్‌కి వేరే ఎగ్జాంపుల్ వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు.

ప్రశ్న: టాంక్‌బండ్ మీద విగ్రహాలు పెట్టినప్పుడే మనం ఈ పని చేశాంగా?

జవాబు: విగ్రహాలు పెట్టాం. హుస్సేన్ సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి సంగతి మాత్రం వేరు, గణపతి స్థపతి గారి పని. భువనగిరి దగ్గర రాయగిరిలో రాయి ఎంచడం నుంచి సాగర్ మధ్యలో నిలబెట్టడం దాకా శిల్పం, ఇంజినీరింగ్ విడదీయలేని పని, 1990 మార్చి 10న బార్జి మీంచి ఒరిగి మునిగి ప్రాణాలు పోయాయి, 1992 డిసెంబర్‌లో గానీ లేవలేదు. గట్టు మీద మిగతా విగ్రహాలు ఎవరివి ఉండాలి, ఎవరివి లేవు అన్నది మాత్రం జనాన్ని ఎవరూ అడగలేదు. అడగనిది 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమం మిలియన్ మార్చ్ రోజు, వాటిలో కొన్నిటిని పడగొట్టినప్పుడు బయటపడింది. తేదీ చూశారా, అదే మార్చి 10.

ప్రశ్న: మా ఊరి డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ ఆఫీసు గోడకి అంటించి అభ్యంతరాలు చెప్పండి అన్నారు. పసుపు, ఊదా, ఎరుపు రంగులు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. దీంట్లో ఆర్టిస్టులు చేయగలిగింది ఏమన్నా ఉందా? ఉంటే జీతం ఎంతివ్వాలి? – వార్డు సభ్యురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: మీ జిల్లాలోనే ఉన్నారమ్మా ఆ పని చేయగలిగినవాళ్ళు! చేర్యాల నకాషీ వాళ్ళు. వాళ్ళు తరతరాలుగా చేసిందే అది, పొడుగాటి గుడ్డ మీద కథ మొత్తం వరసగా గళ్ళల్లో గీస్తే కథ చెప్పేవాళ్ళు ఊరు మధ్యలో విప్పి చూపిస్తూ పాడేవాళ్ళు, చదువురాని మనిషికి కూడా ఎవరు ఎక్కడున్నారో తెలిసేది. మాస్టర్ ప్లాన్‌ని అలా గీయించండి. పై గడిలో మన చెరువు, పక్క గడిలో వంద అడుగుల రోడ్డు ఎవరి పెరట్లోంచి పోతోంది, ఇంకో గడిలో శ్మశానం ఎక్కడికి జరుగుతోంది. గ్రామసభలో విప్పి పెట్టండి, అభ్యంతరాలు ఎన్ని వస్తాయో చూడండి. ఆఫీసువాళ్ళకి నచ్చకపోవచ్చు, ఎందుకంటే ఊదా రంగు మీద ఎవరూ గొడవ పడరు, మా ఇంటి జామచెట్టు మీద గీత పడిందంటే పడతారు.

జీతం గురించి, న్యూయార్క్‌లో మియర్లె లాడర్మన్ యూకలీస్ అని ఒకావిడ 1977 నుంచి అక్కడి చెత్త ఎత్తే డిపార్ట్‌మెంట్‌కి ఆర్టిస్టుగా ఉంది. 1979-80లో 8,500 మంది సఫాయి కార్మికుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపి థాంక్స్ చెప్పింది, అదే ఆవిడ కళ. ఆ సిటీ చెత్తగుట్ట ఫ్రెష్ కిల్స్ 2,200 ఎకరాలు, అది మూసేసి పార్కు చేసే పనిలో కూడా ఆవిడకి భాగం ఉంది. గొప్పావిడే, కానీ ఆ పోస్టుకి జీతం లేదు! మన ఆఫీసర్లకి ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పకండి. నకాషీ కుటుంబానికి బొమ్మ రేటు ఒకటి, గ్రామసభలో కూర్చున్న ప్రతి రోజుకి మీ సర్వేయర్‌కి ఇచ్చేంత రోజుకూలి ఇంకోటి, రెండూ విడిగా ఇవ్వండి.

ప్రశ్న: నేను ఆర్టిస్టుని కాదు. మా వీధిలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసి వేసి మా గడప కంటే రోడ్డు ఎత్తయిపోయింది. నలభై ఏళ్ళు వాకిట్లో ముగ్గేశాను, ఇప్పుడు వాకిలే లేదు. మీ కాలమ్‌లో నాకేమన్నా ఉందా?

జవాబు: అమ్మా, ఆర్టిస్టుని కాదనకండి. ఈ నెల వచ్చిన వాటిలో నేను నాలుగుసార్లు చదివింది మీదే. పాత రోడ్డు చెక్కి తీయకుండా మీదే ఇంకో పొర పోస్తే బిల్లు తొందరగా అవుతుంది, అందుకే పోస్తున్నారు, వాన నీళ్ళు మీ ఇంట్లోకి వస్తున్నది కూడా అందుకే, ఆ విషయం మీరు రాయలేదు కానీ వస్తూనే ఉంటాయి. మళ్ళీ రోడ్డు పని శాంక్షన్ అయ్యేలోపు పాత పొర చెక్కి తీసి పాత లెవెల్‌లోనే వేయమని, ఇంటిముందు మూడడుగులు సిమెంటు లేకుండా వదలమని వీధిలో అందరి సంతకాలతో ఇవ్వాలి. దానికి నాకు మీ నుంచి ఒకటి కావాలి. గడప పై అంచు నుంచి రోడ్డు పైకి ఎన్ని అంగుళాలో స్కేలు పెట్టి కొలవండి, మీ వరసలో ప్రతి ఇంటిదీ. పాత ముగ్గు ఫోటో ఏదన్నా ఉంటే, పెళ్ళిదో పండగదో, అందులో గడప కనపడితే ఇంకా మంచిది, అది కూడా పంపండి. అర్జీ నేను రాసిపెడతాను.